ఒక గుట్టా, రెండు గుట్టలా?

మార్కుల జాబితా చేతికి రాగానే మనం మొదట చూసేది సగటు. ఓపిక ఉంటే సోపాన చిత్రం గీస్తాం. ఇప్పుడు ప్రతి డిపార్టుమెంటులోనూ కంప్యూటరు ఉంది గనుక ఇంకో మెట్టు ఎక్కి, నున్నటి సాంద్రతా వక్రాన్ని గీయించి నోటీసు బోర్డుకు అంటిస్తాం. ఆ నునుపు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. నేనూ చాలాకాలం అడగలేదు. అడగనందుకు ఒకసారి క్లాసులో తల దించుకోవలసి వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు పాఠం.

సోపాన చిత్రంలో ఒక చిక్కుంది. తరగతి అంతరం ఎంత తీసుకోవాలి, మొదటి తరగతి ఎక్కడ మొదలుపెట్టాలి అనేవి రెండూ మన ఇష్టం. మొదలుపెట్టే చోటు కాస్త జరిపితే చిత్రం రూపే మారిపోతుంది. ఈ ఇబ్బంది తప్పించే పద్ధతిని రోజెన్‌బ్లాట్ 1956లోనూ, పార్జెన్ 1962లోనూ ప్రతిపాదించారు. అదే కెర్నెల్ సాంద్రతా అంచనా. పేరు చూసి బెదరనక్కరలేదు. కళ్ళం మీద పొడుగ్గా ఒక గీత గీశామనుకోండి. మన దగ్గరున్న ఒక్కొక్క విలువకూ గీత మీద ఒక చోటుంటుంది. ప్రతి చోటా ఒక్కొక్క తట్టెడు వడ్లు పోస్తాం. విలువలు దగ్గరదగ్గరగా ఉన్నచోట కుప్పలు ఒకదానిమీద ఒకటి పడి ఎత్తవుతాయి. దూరంగా ఉన్నచోట పలచబడతాయి. చివరకు కనిపించే పై అంచే మన వక్రం.

తట్ట ఆకారం ఏదైనా పెద్ద తేడా రాదు. అసలు తేడా అంతా ఒక్కొక్క కుప్ప ఎంత వెడల్పున పరుచుకోవాలన్న దాంట్లో ఉంది. దీన్నే బ్యాండ్‌విడ్త్ అంటారు. నేను వెడల్పు అనే అంటాను. వెడల్పు మరీ తక్కువైతే ప్రతి విలువ దగ్గరా ఒక ముల్లు లేస్తుంది. మరీ ఎక్కువైతే ఉన్న గుట్టలన్నీ కలిసిపోయి ఒకే దిబ్బ అవుతుంది. సాంఖ్యకశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, వెడల్పు తగ్గిస్తే విస్తృతి పెరుగుతుంది, వెడల్పు పెంచితే అభినతి పెరుగుతుంది. రెండూ ఒకేసారి తగ్గవు. ఈ లెక్కలన్నిటినీ సిద్ధాంతపరంగా చర్చించిన గ్రంథాల్లో మన తెలుగువారు బి. ఎల్. ఎస్. ప్రకాశరావు గారు 1983లో ప్రచురించినది ఒకటి కావడం మనకు గర్వకారణం.

ఇక ఆచరణకు వద్దాం. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మన విద్యార్థులకు పరిచయమే. అందులో ‘ఫెయిత్‌ఫుల్’ అనే దత్తాంశం ముందే ఉంటుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఒక్కొక్కసారి ఎన్ని నిమిషాలు చిమ్మిందో, మళ్ళీ చిమ్మేదాకా ఎంతసేపు ఆగాలో, మొత్తం 272 సార్లు రాసిపెట్టిన లెక్క అది. చిమ్మిన కాలం సగటు సుమారు మూడున్నర నిమిషాలు. కాని మూడున్నర నిమిషాలు చిమ్మడం ఆ బుగ్గకు అరుదు! చిమ్మితే రెండు నిమిషాలకు అటూఇటూ, లేకపోతే నాలుగు నిమిషాలు దాటి. అంటే అసలున్నవి రెండు గుట్టలు.

ఈ దత్తాంశాన్ని ‘డెన్సిటీ’ అనే ఫంక్షనుకు ఇచ్చి, వెడల్పు సంగతి మనమేమీ చెప్పకపోతే, ఆర్ తనంతట తాను 0.3348 నిమిషాలు తీసుకుంటుంది. ఈ అంకె ఎలా వచ్చిందో చేత్తోనే సరిచూడవచ్చు. ప్రామాణిక విచలనం ఒకటి, చతుర్థకాల మధ్య దూరాన్ని 1.34తో భాగిస్తే వచ్చేది ఒకటి. రెంటిలో చిన్నదాన్ని తీసుకుని 0.9తో గుణించి, విలువల సంఖ్యకు ఐదో మూలంతో భాగించాలి. ఇక్కడ చిన్నది ప్రామాణిక విచలనమే, 1.1414. 272కు ఐదో మూలం సుమారు 3.07. లెక్క సరిపోయింది గదా! సిల్వర్‌మన్ 1986 నాటి తన పుస్తకంలో ఇచ్చిన సూత్రమిది. ఆర్‌లో దీని పేరు ‘ఎన్ఆర్‌డీ జీరో’. ఐదో మూలం కాబట్టి, తక్కినవి మారకుండా వెడల్పు సగానికి తగ్గాలంటే విలువలు 32 రెట్లు కావాలి.

సూత్రం బాగానే ఉంది, కాని దాని కింద ఒక ఊహ దాగి ఉంది. దత్తాంశం దాదాపు సామాన్య వితరణలాగా ఒకే గుట్టగా ఉంటుందని అది అనుకుంటుంది. గుట్టలు రెండై, అవి దూరదూరంగా ఉంటే, ఆ దూరమంతా ప్రామాణిక విచలనంలో చేరుతుంది. ఊళ్ళ మధ్య దూరాన్ని కొలిచి, ఊరే అంత పెద్దదనుకోవడం లాంటిదన్నమాట. అందుకని వెడల్పు అవసరానికి మించి వస్తుంది. బుగ్గ విషయంలో గుట్టలు మరీ దూరం గనుక 0.3348తో కూడా రెండూ కనబడతాయి. కాకపోతే శిఖరాలు కుంగి, మధ్య లోయ కొంత పూడిపోతుంది.

షీథర్, జోన్స్ అనే ఇద్దరు 1991లో ఇంకో పద్ధతి చెప్పారు. వక్రం ఎక్కడ ఎంత వంపు తిరుగుతోందో ముందుగా దత్తాంశాన్నే అడిగి అంచనా వేసుకుని, వంపు ఎక్కువైతే వెడల్పు తగ్గించడం అందులోని కిటుకు. ఆర్‌లో ‘ఎస్‌జే’ అని అడిగితే ఇదే బుగ్గకు 0.14 వస్తుంది. లోయ అడుగుదాకా దిగుతుంది, ఎడమ గుట్ట నిటారుగా లేస్తుంది. ఎన్ఆర్‌డీ జీరోను పాతకాలపు అలవాటు కొద్దీ ఉంచాం గాని అందరికీ సిఫారసు చేయడం లేదని ఆర్ సహాయ పత్రంలోనే రాశారు. ఆ పేజీ మనం చదవం, అంతే!

అలాగని వెడల్పు తగ్గించిన కొద్దీ నిజం బయటపడుతుందనుకుంటే పొరపాటు. అదే బుగ్గకు 0.02 ఇచ్చి చూడండి. వక్రం నిండా ముళ్ళే. వాటిలో కొన్నిటికి కారణం బుగ్గ కాదు, గడియారం చూసినవారు. సెకన్లను ఐదు గుణిజాలకు సవరించి రాయడం వారి అలవాటు. మన మార్కుల్లో పాస్ మార్కు దగ్గర గుంపు చేరడం కూడా ఇలాంటిదే. ఒక్కొక్క విలువను పక్కనపెట్టి సరిచూసే ‘యూసీవీ’ పద్ధతి ఒకటుంది. ఒకే విలువ పదేపదే వచ్చే దత్తాంశంలో అది వెడల్పును సున్నా వైపుకు లాక్కుపోతుంది, జాగ్రత్త. మార్కుల వక్రానికి మరో బెడద కూడా ఉంది. సున్నాకు ఎడమవైపుకూ కుప్ప ఒలుకుతుంది. ఆర్‌లో సున్నా నుంచే గీయమంటే గీత అక్కడ తెగుతుందే గాని, ఒలికిన వడ్లు తిరిగి లోపలికి రావు.

ఇప్పుడు నా సంగతి. నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో, మొదటి సెమిస్టరు మార్కులకు వక్రం గీశాను. చూడటానికి నున్నగా ఉండాలని ‘అడ్జస్ట్’ అనే చోట 3 వేశాను, అంటే వెడల్పు మూడింతలు. అందమైన ఒకే గుట్ట వచ్చింది. ‘క్లాసు మొత్తం మధ్యస్థంగా ఉంది, సాయంత్రం ప్రత్యేక తరగతులు అక్కర్లేదు’ అని మీటింగులో చెప్పాను. అందరూ సరేనన్నారు. మర్నాడు ఆ బొమ్మ క్లాసులో చూపిస్తే, వెనక బెంచీ అమ్మాయి లేచి, ‘మాస్టారూ, ఆ గుట్ట శిఖరం దగ్గర ఉన్న మార్కులు మాలో ఎవరికీ రాలేదండీ’ అంది. జాబితా తీసి చూశాను. నిజమే, ఎవరికీ రాలేదు. వెడల్పు తగ్గించి గీస్తే రెండు గుట్టలు. పిల్లలు కొద్దిమందే గనుక ఇదీ ముళ్ళ మాయేమోనని జవాబు పత్రాలు తిరగేశాను. మాయ కాదు. ఎడమ గుట్టలో ఎక్కువమంది డిగ్రీదాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. లెక్క తెలిసి, ప్రశ్న అర్థంకాక ఆగిపోయినవాళ్ళు. నేను నునుపు కోసం వేసిన ఒక్క అంకె వాళ్ళను కనబడకుండా చేసింది. మళ్ళీ మీటింగుకు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. తరగతులు మొదలుపెట్టాం.

అప్పటినుంచి నేను పాటించే నియమాలు ఇవి. ఒకే వక్రం ఎప్పుడూ గీయను. ఎస్‌జే చెప్పిన వెడల్పుతో ఒకటి, దానికి సగంతో ఒకటి, రెట్టింపుతో ఒకటి గీస్తాను. మూడింటిలోనూ నిలిచిన గుట్టను నమ్ముతాను. ఒకదాంట్లోనే కనబడితే అసలు జాబితా దగ్గరకు వెళతాను. వక్రం కింద విలువలను చిన్నచిన్న గీతలుగా వేస్తాను, ఆర్‌లో దానికి ‘రగ్’ అనే ఫంక్షను ఉంది. ఏ వెడల్పు వాడానో బొమ్మ కిందే రాస్తాను. మీ ప్రాజెక్టు రిపోర్టుల్లో మీరు కూడా రాయండి. రాయని వక్రాన్ని ఎవరైనా మీకు చూపిస్తే, ఆ వెనక బెంచీ అమ్మాయిలాగా లేచి అడగండి.