దిగులు, నవ్వు – మన గుండె



2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలో జరిగిన పేలుడును మన ఇస్నాపూర్ ప్రాంతమువారు మరువలేరు. 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. తమవారి జాడ కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. అంతటి దుఃఖము మనసుతో ఆగదు, గుండెను కూడా తాకుతుంది. అది ఎలాగో ఈ పాఠములో తెలుసుకుందాం.

దిగులు పడితే ఏమి జరుగుతుంది?

భయము, కోపము, దిగులు కలిగినప్పుడు మూత్రపిండాలపై ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను రక్తములోకి వదులుతాయి. నాడి వేగంగా కొట్టుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరుగుతుంది. రక్తము త్వరగా గడ్డకట్టే గుణము పొందుతుంది. పాము ఎదురైతే తప్పించుకోవడానికి ఇది దేవుడిచ్చిన ఏర్పాటు. కాని పాము కాసేపటికి వెళ్లిపోతుంది. అప్పు, ఇంట్లో తగవులు, కాంట్రాక్టు పని ఉంటుందో పోతుందో అనే బెంగ రోజూ మనతోనే ఉంటాయి. నైట్ షిఫ్టుల వల్ల నిద్ర చెడితే గుండెకు భారము ఇంకా ఎక్కువ. దిగులు మరువడానికి బీడీ, మద్యము పట్టినవారికి నష్టము మీద నష్టము.

52 దేశాలలో జరిపి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో పొగాకు, బీపీ, షుగరు, కొవ్వుతోపాటు మానసిక ఒత్తిడి కూడా గుండెపోటుకు ముఖ్య కారణమని తేలింది. తీవ్రమైన కోపము వచ్చిన తరువాత రెండు గంటల వరకు అపాయము ఎక్కువని మరికొన్ని పరిశోధనలు చూపాయి.

ఆత్మీయుల మరణవార్త విన్నవారిని చూసి "గుండె పగిలింది" అంటాము. అది ఉత్త మాట కాదు. అటువంటి సమయంలో కొందరికి, ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలకు, గుండె కండరము ఒక్కసారిగా బలహీనపడుతుంది. 1990లో జపాను వైద్యులు దీనికి టకొట్సుబో అని పేరు పెట్టారు. చికిత్సతో చాలామంది కొన్ని వారాలలో కోలుకుంటారు.

నవ్వితే మేలేనా?

2005లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు 20 మంది ఆరోగ్యవంతులకు సినిమాలు చూపించి, చేతి రక్తనాళాన్ని పరీక్షించారు. నవ్వించే సినిమా చూశాక రక్తప్రవాహము సగటున 22 శాతం పెరిగింది. యుద్ధ దృశ్యాలు చూశాక 35 శాతం తగ్గింది. ఇది చిన్న పరిశోధనే. కాబట్టి నవ్వు మేలు చేస్తుంది గాని బీపీ మాత్రకు బదులు కాదు. సామెతలు 17:22 ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. సంతోషానికి, ఆరోగ్యానికి ఉన్న సంబంధము అక్కడ కనబడుతుంది.

అయితే దుఃఖములో ఉన్నవారిని నవ్వమని బలవంతపెట్టకండి. యోబు స్నేహితులు మొదట ఏడు దినములు మాటలాడక అతని ప్రక్కన కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే. మనమూ ఆ ఇంటికి వెళ్లి, కూర్చుని, వారు తిన్నారో లేదో, మాత్రలు వేసుకున్నారో లేదో చూద్దాం.

జ్ఞాపకముంచుకోవలసినవి

1. నొప్పి లేకపోయినా బీపీ చూపించుకోండి. 140/90 గాని, అంతకు పైన గాని ఉంటే డాక్టరుగారిని కలవండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి.

2. రోజూ అరగంట నడవండి. నైట్ షిఫ్టు చేసి వచ్చినవారిని పగలు నిద్రపోనివ్వండి.

3. రోజుకొక పూటైనా టీవీ, ఫోను ప్రక్కన పెట్టి, కలిసి భోజనము చేసి కబుర్లు చెప్పుకోండి.

4. దిగులు తగ్గకపోతే దాచుకోకండి. 14416 టెలీ మానస్‌కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

5. ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి, చెమటలు, ఆయాసము వస్తే "టెన్షన్ వల్లే", "గ్యాసే" అని ఇంట్లో ఉండిపోకండి. టెన్షనా, గుండెపోటా అనేది ఈసీజీ, రక్తపరీక్షలు చేస్తేనే తెలుస్తుంది. వెంటనే 108కి ఫోను చేయండి. ఆలస్యమైన ప్రతి నిమిషము గుండె కండరము చనిపోతుంది.

అనవసరంగా వచ్చామేమోనని సిగ్గుపడకండి. పరీక్ష చేసి, ఏమీ లేదని చెప్పి మిమ్మల్ని ఇంటికి పంపడమే మాకు సంతోషము. ప్రభువు మీ హృదయములను కాపాడును గాక.