సందేహాలు - సమాధానాలు: పాఠం చెబుతూ పైచదువు

బొమ్మ, పాట, నాటకం, చేతిపని పాఠంలో కలిపి చెప్పడం గురించి పైచదువులు చదువుతున్న, చదవాలనుకుంటున్న టీచర్ల ఉత్తరాలకు ఈసారి సమాధానాలు.

*ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని. వయసు 43. డిగ్రీ, పాత డీఎడ్ ఉన్నాయి, బీఎడ్ లేదు. ఈ బోధన గురించి పద్ధతిగా చదవాలని ఉంది. ఇప్పుడు సీటు ఇస్తారా? ఉద్యోగం మానుకోవాలా? ఇంట్లో అందరూ నవ్వుతున్నారు.*
- ఓ ఉపాధ్యాయిని, నరసరావుపేట

నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. ఈ చదువుకి తరగతి గదిలో గడిపిన ఏళ్ళే పెట్టుబడి, అవి మీ దగ్గర దండిగా ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నో ఎంఏ ఎడ్యుకేషన్‌కి ఏదైనా డిగ్రీ చాలు. రెండేళ్ళలో పూర్తిచేయొచ్చు, కుదరకపోతే నాలుగేళ్ళ దాకా గడువుంటుంది. ఎంఎడ్ సంగతి వేరు. 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలతో అది రెండేళ్ళ కోర్సయింది. బీఎడ్ లేకపోయినా డిగ్రీలోనూ డీఎల్‌ఈడీలోనూ 50 శాతం చొప్పున ఉంటే అర్హత ఉంది. మీ పాత డీఎడ్‌ని దానితో సమానంగా చూస్తారో లేదో మాత్రం అడ్మిషన్ ఆఫీసులో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఎంఎడ్‌కి హాజరు 80 శాతం, క్షేత్ర శిక్షణలో అయితే 90 శాతం ఉండాలి కాబట్టి సెలవు పెట్టకుండా కుదరదు. 'హాజరు మేం చూసుకుంటాం, మీరు ఫీజు కట్టండి చాలు' అని ఏ కాలేజీ అయినా అంటే అప్పుడు భయపడండి. ఆ సర్టిఫికెట్ రేపు ప్రమోషన్ వేళ మీ మెడకే చుట్టుకుంటుంది.

*ఎంఎడ్ మొదటి సంవత్సరం. నాకు పాట రాదు, బొమ్మ గీస్తే పిల్లలే నవ్వుతారు. ప్రాక్టికల్స్‌లో ఏం చేయాలో తోచక నిద్ర పట్టడం లేదు.*
- ఓ లెక్కల టీచర్, జనగామ

నిశ్చింతగా నిద్రపోండి. ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ అని మీ సిలబస్‌లో రాసి ఉన్నది టీచరు గొంతుకీ చేతికీ పెట్టే పరీక్ష కాదు. కళ గుండా పిల్లలకి పాఠం అందిందా అన్నదే అందులో చూస్తారు.

మీ లెక్కలే తీసుకుందాం. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా పెట్టమని ఆరో తరగతి పిల్లలకి సుద్దముక్కలు ఇవ్వండి. మీరు పెట్టక్కర్లేదు, సంక్రాంతి నెలంతా వాకిట్లో చెయ్యి తిరిగినవాళ్ళు ఆ తరగతిలోనే ఉంటారు. మధ్య వరుసలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం ఎన్ని చుక్కలో ఒక్కొక్కటే లెక్కపెట్టకుండా చెప్పమనండి. కొందరు వేళ్ళు మడుస్తారు. ఎవరో ఒకరు '6, 5, 4 కలిపితే 15, రెండు వైపులా 30, మధ్యలో 7' అని 37 దగ్గరికి వచ్చేస్తారు. వెంటనే ఇంకో ప్రశ్న వేయండి: తొమ్మిది నుంచి ఐదు దాకా అయితే? చుక్కలు పెట్టకుండానే 61 అని జవాబొస్తే పాఠం బుర్రకెక్కినట్టే. పాఠమంతా అయిపోయాక చార్టు మీద రంగుల ముగ్గు వేయించి గోడకి అంటిస్తే మాత్రం అది గోడకి అలంకారం. ముగ్గు తీసేసినా పాఠంలో ఏ లోటూ కనిపించకపోతే ప్రణాళిక మళ్ళీ రాసుకోండి. తనిఖీకి వచ్చేవాళ్ళు కొందరు ఆ చార్టునే మెచ్చుకుంటారు, అది మన ఖర్మ.

*ప్రాజెక్టు పనిలో భాగంగా రక్తప్రసరణ పాఠం నాటకంలా చేయిస్తున్నాను. పక్క తరగతి సార్ ఫిర్యాదు చేశారు. హెడ్‌మాస్టర్ గారు 'ఇది బడా, సంతా?' అన్నారు. సిలబస్ కూడా వెనకబడింది. తప్పు చేస్తున్నానా?*
- ఓ సైన్స్ టీచర్, పాలకొల్లు

తప్పేం లేదు. మొదట్లో చప్పుడు సహజం, వేగం తగ్గడమూ సహజమే. చప్పుడు ఎంతుందని కాకుండా దేని గురించో దగ్గరికెళ్ళి వినండి. 'నువ్వు ఊపిరితిత్తుల్లోంచి వస్తున్నావు, ఎడమ వైపు రావాలి' అని కొట్టుకుంటుంటే కదపకండి. ఎర్ర కండువా ఎవరికన్న గొడవైతే ఆపి, పాఠంలోకి లాగండి. యూనిట్‌కి ఒక్క పాఠం ఇలా చేస్తే చాలు. దాన్ని ఆఖరి పీరియడ్‌కి పెట్టుకుని, ముందురోజే హెడ్‌మాస్టర్ గారికి చెప్పి, ఆయన్నే చూడ్డానికి పిలవండి. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి రెండు పాఠాలకు మించి వెనకబడితే కాస్త కంగారుపడాలి.

*ఈ సమన్వయ విద్య అంతా 2020 జాతీయ విద్యావిధానం తెచ్చిన ముచ్చట అంటున్నారు. రెండేళ్ళూ డబ్బూ పోసి చదివాక విధానం మారిపోతే నా గతేంటి?*
- ఓ తెలుగు పండితుడు, కడప

పండితులవారూ, మీ భయం న్యాయమే, మన బడుల్లోకి వచ్చిపోయిన పథకాలు తక్కువేం కాదు. కానీ ఇది 2020లో పుట్టింది కాదు. 1937లో గాంధీజీ వార్ధాలో సభ పెట్టి, చేతివృత్తి చుట్టూ చదువు అల్లాలన్నారు. రాట్నం తిప్పుతూనే నూలు పొడవుతో లెక్కలు, పత్తి పండే నేలతో భూగోళం, బట్టల వ్యాపారంతో చరిత్ర చెప్పాలన్నది ఆలోచన. దానికి రూపం ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, పుట్టింది మన హైదరాబాద్‌లోనే. అంతకుముందే 1901లో టాగూర్ శాంతినికేతన్‌లో పాటనీ చెట్టునీ చదువులోకి తెచ్చారు. మీకు దగ్గర్లోనే మదనపల్లె పక్కన రిషివ్యాలీ ఉంది. అక్కడి గ్రామీణ బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలకీ చదువు చెప్పే దారి చూపి, తమిళనాడు ప్రభుత్వ బడుల దాకా వెళ్ళింది. జీవోలు మారతాయి, పథకాల పేర్లూ మారతాయి. మీరు నేర్చుకున్న పని మాత్రం ఏ పేరు పెట్టినా పనికొస్తుంది. జీతం పెరుగుతుందనే ఒక్క ఆశతో చేరుతున్నట్టయితే మాత్రం ముందు మీ సర్వీసు నిబంధనలు చదవండి.

*కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి అని మా కోర్సులో చెప్పారు. ప్రశ్నావళి పెట్టి పిల్లల్ని మూడు జట్లు చేశాను. ఇన్నాళ్ళూ అందరికీ ఒకేలా చెప్పి అన్యాయం చేశానా?*
- ఓ టీచర్, సిద్దిపేట

ఏ అన్యాయమూ జరగలేదు. లెర్నింగ్ స్టైల్స్ అనే ఈ మాట ప్రపంచమంతా తిరిగింది కానీ, పిల్లవాడి 'శైలి'ని బట్టి చెబితే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి తగిన ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చారు. 1983లో హోవార్డ్ గార్డ్‌నర్ చెప్పిన బహుళ ప్రజ్ఞలు వేరు, ఇది వేరు. రెండూ ఒకటి కావని ఆయనే స్పష్టం చేశారు. చూపడం, వినిపించడం, చేయించడం అందరికీ కావాలి, పాఠం ఏది కోరితే అది. ఆ జట్లు రేపే కలిపేయండి. 'నేను వినే రకం, నాకు చదవడం రాదు' అని ఏ పిల్లవాడైనా తనకి తానే ముద్ర వేసుకుంటే అది పట్టించుకోవాల్సిన విషయం.

*డప్పు దరువుతో ఎక్కాలు చెప్పిస్తుంటే ఒక బాబు చెవులు మూసుకుని ఏడ్చాడు. నా పద్ధతి వల్ల వాడికేమైనా అయిందా?*
- ఓ అంగన్‌వాడీ మాజీ టీచర్, ప్రస్తుతం బీఎడ్, పార్వతీపురం

మీరేమీ చేయలేదమ్మా. కొందరు పిల్లలకి పెద్ద చప్పుడు ఓర్చుకోవడం కష్టం. డప్పు బదులు చిటికెలు వేయించండి, లేదా వాణ్ణి తలుపు దగ్గర కూర్చోబెట్టి, బయటికి వెళ్ళాలంటే అడగక్కర్లేదని చెప్పండి. పిలిస్తే పలక్కపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, తోటివాళ్ళతో కలవకపోవడం కూడా గమనిస్తే, ఏ పేరూ పెట్టకుండా, వాళ్ళమ్మా నాన్నలతో మెల్లగా మాట్లాడి పిల్లల డాక్టరుకి చూపించమనండి.

*ఎంఎడ్ పరిశోధన కోసం ఒక సెక్షన్‌కి నాటకీకరణతో, ఇంకో సెక్షన్‌కి మామూలుగా ఆరు వారాలు చరిత్ర చెప్పాను. చివరికి మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా డిసర్టేషన్ పోయినట్టేనా?*
- ఓ ఎంఎడ్ విద్యార్థిని, రాజమహేంద్రవరం

పోలేదు. తేడా రాకపోవడమూ ఫలితమే. రెండు సెక్షన్లతో, ఆరు వారాల్లో చేసిన ప్రయోగాల్లో ఇలా రావడం మామూలే. మీ ప్రశ్నపత్రం ఒకసారి తిరగేయండి. నాటకంతో కారణాలూ పాత్రల ఆలోచనలూ నేర్పి, పరీక్షలో తేదీలు మాత్రమే అడిగి ఉంటే తేడా ఎక్కడినుంచి వస్తుంది? ఆ సంగతే చర్చ అధ్యాయంలో రాయండి, వైవాలో అది మీకు బలమవుతుంది. 'నాలుగు మార్కులు అటూ ఇటూ సర్దేద్దాం' అని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఒప్పుకోకండి, ఆ సలహా మీ గైడ్ నుంచి వచ్చినా సరే. జవాబుపత్రాల కట్టా, మార్కుల అసలు పట్టికా ఈ వారంలోనే ఫొటోలు తీసి రెండు చోట్ల దాచుకోండి.