మన ఈగలకు చలినిద్ర లేదు

శ్రీనివాసపురం,
కార్తీక బహుళ పక్షం

పాపా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. రెండు తేనెపెట్టెలకూ నాలుగు వైపులా థర్మాకోల్ పలకలు కట్టి, పైన ప్లాస్టిక్ పట్టా బిగించావు. కెనడాలో ఎవరో చలికాలానికి పెట్టెలు సర్దుకునే వీడియో చూసి చేశానన్నావు. ఈ ఉత్తరం చేతికందిన రోజే ఆ ప్లాస్టిక్ విప్పెయ్యి. మిగతాది పెట్టెల దగ్గర కూర్చుని నిదానంగా చదువుకో. ఫోన్లో చెప్పినవి ఆ పూటకే పోతాయి, పని చేసేటప్పుడు మళ్లీ చూసుకోవాల్సిన సంగతులు గనక రాస్తున్నాను.

కెనడావాళ్లు చేసేది వాళ్లకు సరి. అక్కడ నెలల తరబడి మంచు, కంటికి ఒక్క పువ్వు కనబడదు. ఈగలన్నీ రాణి చుట్టూ ముద్దగా చేరి, రెక్కల కండరాలు వణికించి వేడి పుట్టించుకుంటూ, దాచుకున్న తేనె తింటూ వసంతం దాకా నెట్టుకొస్తాయి. అందుకే ఉత్తర అమెరికాలో చలి ముదిరే చోట్ల ఒక్కో పెట్టెలో ముప్పై నలభై కిలోల తేనె ముట్టుకోకుండా వదిలేస్తారు. మన పెట్టెలో ఏడాది మొత్తానికి నాలుగైదు కిలోలు తీస్తే సంతోషించాలి. ఆ లెక్కలు, ఆ కట్లు మీ బెంగళూరు కాడుగోడికి పనికిరావు.

బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో మామూలుగా 15, 16 డిగ్రీలుంటుంది. ఎప్పుడో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలకు పడింది, ఊరి రికార్డు ఇప్పటికీ అదే. ఎంత చలి పెట్టినా మధ్యాహ్నానికి మళ్లీ 26, 27కు వస్తుంది. ఎండ పెట్టె గుమ్మం మీద పడి కాస్త వేడెక్కగానే నీ ఈగలు పనికి బయల్దేరతాయి. వాటికి అసలు గడ్డుకాలం జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగే వానలు. పూత తక్కువ, ఉన్న పూల తేనె కూడా వానకు కడుక్కుపోతుంది, కాపురం చిక్కిపోతుంది. దసరా దాటాక రాణి మళ్లీ జోరుగా గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. ఈ చలి నెలలన్నీ ఈగలు పిల్లను, అంటే గుడ్ల నుంచి వచ్చే పురుగుల్ని, పెంచుకుని, మాఘ ఫాల్గుణాల్లో చెట్లు విరగబూసే వేళకు చాలినన్ని కూలి ఈగల్ని సిద్ధం చేసుకుంటాయి. ఉత్తరాదిన ఆవచేలు పూసేదీ ఈ చలికాలంలోనే, మన అరకులో వలిసెలు పచ్చగా విచ్చేదీ ఈ చలికాలంలోనే. కాబట్టి ఈగల్ని నిద్రపుచ్చే ఏర్పాట్లు మనకెందుకు? పెరుగుతున్న పిల్ల చల్లబడకూడదు, పెంచే ఈగ పస్తుండకూడదు. నేను చెప్పే ప్రతి పనీ ఈ రెంటి కోసమే.

నీ పెట్టెల్లో ఉన్నది మన తొర్ర తేనె ఈగ. మీ పక్కింటి కన్నడంవాళ్లు తుడువె అంటారు. వీడియోలో చూసింది యూరప్ ఈగ, మన దేశంలో అది స్థిరపడింది 1960లలో, ఉత్తరాదిన. రెంటి అలవాట్లూ వేరు. యూరప్ ఈగ చెట్ల జిగురు తెచ్చి, పెట్టెలో ఎక్కడ సందు కనబడితే అక్కడ మెత్తుకుంటుంది. మన ఈగ జిగురు తేదు. దాని బదులు సందులు మూయాల్సింది నువ్వే. రాత్రిపూట పెట్టె వెనక కూర్చుని ఎవరినైనా ముందు నుంచి టార్చి వేయమను, వెలుగు ఎక్కడెక్కడ బయటికి వస్తుందో తెలుస్తుంది. మర్నాడు పేడ, ఎర్రమట్టి కలిపి బయటి వైపు నుంచి ఆ చోట్ల మెత్తు. పెయింట్లు, ఘాటైన జిగుర్లు వద్దు, వాసన వాటికి పడదు.

ఇంకో తేడా ఉంది, అది ఇంకా ముఖ్యం. ఎండ వేళ గుమ్మం దగ్గర కదలకుండా నిలబడి రెక్కలాడించే ఈగల్ని దగ్గరగా చూడు. యూరప్ ఈగ తల లోపలి వైపు పెట్టి నిలబడుతుంది, పెట్టెలోని గాలిని బయటికి తోడేస్తుంది. మన ఈగ తల బయటి వైపు పెట్టి బయటి గాలిని లోపలికి తోస్తుంది. అందువల్ల మన పెట్టెలో తేమ త్వరగా పోదు, గోడల మీదే నిలిచిపోతుంది. అలాంటి పెట్టెకు ప్లాస్టిక్ చుడితే ఉన్న తడికి దారి మూసినట్టే. చలిని మన ఈగ తట్టుకుంటుంది. చలీ తడీ కలిస్తే తట్టుకోలేదు.

థర్మాకోల్ కూడా అక్కర్లేదు. మూత కింద బాగా ఎండిన గోనెపట్టా ఒకటి మడిచి పరిస్తే చాలు, అది తడిసిందని అనిపిస్తే వెంటనే మార్చు. స్టాండు వెనక కాళ్ల కింద పలచటి చెక్క పెట్టి పెట్టెను పిసరంత ముందుకు వాల్చు, నీరు చేరినా గుమ్మం నుంచి జారిపోతుంది. చలికాలంలో అక్కడ గాలి తూర్పు నుంచి వీస్తుంది, పొద్దుటి ఎండ వచ్చేదీ అటు నుంచే. గుమ్మం ఆగ్నేయం వైపుండి, తూర్పు గాలికి పిట్టగోడ అడ్డుంటే బాగుంటుంది. తిప్పాల్సి వస్తే ఒక్కసారిగా తిప్పకు, రోజుకు కొంచెం కొంచెంగా జరుపు. లేకపోతే మేతకు వెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి వెతుక్కుంటాయి. గుమ్మాన్ని రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించు. చలిగాలి తగ్గుతుంది, కందిరీగల్ని, దొంగ ఈగల్ని ఆపడం కాపలా ఈగలకు సులువవుతుంది. స్టాండు కాళ్ల కింది గిన్నెల్లో నీళ్లు ఆరకుండా చూస్తే చీమల సంగతి తీరినట్టే.

నీవి న్యూటన్ పెట్టెలు. 1911 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే ఫాదరు మన చిన్న ఈగ కొలతకు తగ్గట్టు రూపొందించిన పెట్టె అది. కింది గదిలో ఏడు ఫ్రేములుంటాయి. ఈగలు నాలుగింటినే కప్పి ఉంటే మిగతా ఖాళీ ఫ్రేములు తీసేసి, పక్కన అడ్డపలక పెట్టు. పైన తేనె గది ఖాళీగా ఉంటే దించెయ్యి. పిల్ల ఉన్న చోట రేయింబవళ్లు 34, 35 డిగ్రీల వేడి నిలపాలి అవి. వాడని గదిని కూడా వేడి చేసుకోమనడం అన్యాయం.

చలి కంటే నాకు ఎక్కువ భయం తుపాన్ల ముసురంటే. 2024 నవంబరు ఆఖరున ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటితే, డిసెంబరు మొదటి రోజుల్లో బెంగళూరుకు ఎండ మొహం లేదు, ఎడతెగని సన్నటి వాన, చలిగాలి. అలాంటి రోజుల్లో ఈగ బయటికి పోలేదు. పోలేకపోయినా పిల్లకు మేత పెట్టాలి, వేడి పుట్టించాలి. నిల్వ చూస్తుండగానే కరిగిపోతుంది. మూత లోపలి వైపు ఉడుకుతున్న గిన్నె మూతలా చెమరుస్తుంది. తిండి అయిపోతే మన ఈగ పెట్టెలో కూర్చుని చావదు, ఎండ రాగానే కాపురం వదిలి లేచిపోతుంది. మంచు దేశాల ఈగకు పోయే దారి లేదు, మన ఈగకు ఉంది. మొదటిసారి పెంచేవాళ్లు పెట్టె పోగొట్టుకునేది చాలావరకు ఇలాగే.

అందుకని తుపాను హెచ్చరిక వినబడగానే పెట్టె వెనక వైపు ఒక చేత్తో అంగుళం పైకెత్తి చూడు. కొన్నాళ్లు అలవాటైతే లోపల ఏమాత్రం నిల్వ ఉందో చెయ్యే చెప్తుంది. అనుమానంగా ఉంటే మంచి ఎండ వేళ, పదకొండు నుంచి రెండు లోపల, ఒక్క ఫ్రేము తీసి చూడు. పైఅంచున తెల్లటి మూతలు వేసిన తేనె కనీసం రెండు వేళ్ల మందాన ఉండాలి, దాని కింద పుప్పొడి గదులు, ఆ కింద పిల్ల. తేనె పట్టీ సన్నగా ఉంటే పాకం పెట్టు. కిలో పంచదారకు అర లీటరు నీళ్లు. వానాకాలంలో సమానంగా కలిపేవాళ్లం, చలిలో చిక్కగా ఉండాలి, లేకపోతే ఆ నీటిని ఆరబెట్టడానికే వాటి బలం ఖర్చవుతుంది. చల్లారాక చిన్న గిన్నెలో పోసి, మునిగిపోకుండా పైన నాలుగు పుల్లలు వేసి, పొద్దుగూకాక పెట్టె లోపల పెట్టు. ఒక్క చుక్క బయట ఒలికినా తెల్లారేసరికి వేరే గుంపుల ఈగలు దోపిడీకి దిగుతాయి. బెల్లం నీళ్లు వద్దు, వాటికి కడుపు చెడుతుంది. అంగట్లో కొన్న తేనె అసలే వద్దు, ఎక్కడి రోగమో దానిలో ఉండొచ్చు.

పొద్దున్నే ఆఫీసుకు పోయే ముందు పెట్టె తెరిచి చూస్తున్నానన్నావు. ఆ అలవాటు మాను. రాత్రంతా వణికి నిలుపుకున్న వేడి నువ్వు మూత తీసిన క్షణంలో పోతుంది. పొద్దుట నువ్వు చూడాల్సింది గుమ్మం. వచ్చే ఈగల వెనక కాళ్లకు పసుపో, నారింజో, బూడిద రంగో ముద్దలు అంటుకుని ఉంటే పుప్పొడి వస్తోందని అర్థం. పుప్పొడి జోరుగా వస్తుంటే లోపల పిల్ల ఉందని, పిల్ల ఉంటే రాణి ఉందని లెక్క. ఇన్ని సంగతులు గుమ్మమే చెబుతుంటే రోజూ మూత తీయడమెందుకు?

అడుగుపలక మాత్రం వారానికోసారి తుడవాలి. మన ఈగ నల్లబడిన పాత పట్టును కొరికి కింద పోస్తుంటుంది. ఆ మైనపు పొట్టులోనే మైనపు పురుగు పుడుతుంది, తర్వాత పట్టులోకి ఎక్కి సొరంగాలు తవ్వి బూజు అల్లేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పెట్టె పైకెత్తి, పలక గీకి, ఎండలో పది నిమిషాలు ఆరబెడితే సగం తెగులు పోతుంది. గీకిన పొట్టు అక్కడే పారెయ్యకు, కాల్చెయ్యి.

ఒక రోగం గురించి మాత్రం కంటికి బాగా తెలిసి ఉండాలి. 1991-92లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదికి వచ్చి, పెట్టెల్లోని తొర్ర తేనె కాపురాల్లో నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టేసింది. తేనెకు పేరుబడ్డ కొడగు కూడా దానికి కుదేలైంది. ఈనాడు మన దగ్గరున్న ఈగలు ఆ దెబ్బకు మిగిలిన వాటి సంతతి. పిల్ల ఎక్కువగా పెరిగే ఈ నెలల్లోనే అది మళ్లీ తలెత్తుతుంటుంది. గదుల మూతలు కొరికేసి ఉండి, లోపల పిల్ల మొన పైకి లేచి నిటారుగా చచ్చి ఉంటే అనుమానించు. సన్నటి పట్కారుతో లాగితే చర్మం సంచిగా, లోపల నీళ్లతో ఊడివస్తుంది. దానికి మందు లేదు, ఎవరైనా అమ్మజూపితే కొనకు. ఆ పెట్టె ఫ్రేము గానీ, దాన్ని ముట్టిన కత్తి గానీ రెండో పెట్టెకు తగలనివ్వకు. హెబ్బాళ దగ్గర జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల మీద పనిచేసేవాళ్లున్నారు, ఆలస్యం చేయకుండా వాళ్లకు చూపించు.

ఇక మేత సంగతి. మన ఈగ సాధారణంగా కిలోమీటరు, ఒకటిన్నర కిలోమీటరు దాటి పోదు. హొసకోట వైపు అనప చేలు నిండా పూసినా నీ మిద్దె మీది ఈగలకు అందవు. మీ వీధి కొబ్బరి చెట్లు, పాత ఇళ్ల మునగ, మామిడి పూత, రోడ్ల పక్క చెట్లు, ఇవే వాటి చేను. మెట్రో వచ్చాక కాడుగోడిలో ఖాళీ జాగా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. అందుకే నీ మిద్దె మీద తులసి కుండీలు నాలుగు పెంచు, వెన్ను పూయగానే తుంచకు. దోమల పొగ కొట్టేవాళ్లు వస్తున్నారని తెలిసిన సాయంత్రం, ఈగలన్నీ ఇల్లు చేరాక గుమ్మానికి వలగుడ్డ అడ్డుపెట్టి పెట్టె మీద తడి దుప్పటి కప్పు, పొగ పోగానే తీసెయ్యి. ఎదుటి అపార్టుమెంటు గోడకు కొండ తేనె పట్టు పెడితే జనం భయపడి మందు కొట్టిస్తారు. నువ్వే వెళ్లి మాట్లాడు. మందు కొట్టిన ఆ పట్టులోని తేనెను నీ ఈగలు దోచుకుంటే వాటికీ ముప్పే.

సంక్రాంతి దాటాక పెట్టె నిండుతుంది. అప్పుడు పట్టు కింది అంచున మూత మధ్యలో సూదిమొనంత రంధ్రం ఉన్న గదులు కనబడతాయి. అవి పోతు ఈగలవి. వాటి వెంటే కిందికి వేలాడే రాణి గదులు కట్టాయంటే గుంపు చీలడానికి సిద్ధమవుతోందని గుర్తు. ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి, పెట్టెను రెండు చేయడం నేనొచ్చి చూపిస్తాను.

సంక్రాంతికి తేనె పంపిస్తానని రాశావు. ఇప్పుడు ఆ ఫ్రేముల్లో ఉన్నది ఈగల చలికాలపు బియ్యం, దాన్లోంచి చెంచాడు కూడా తీయవద్దు. ఎండలు ముదిరి, పై గది ఫ్రేములన్నిటికీ ఈగలు మూతలు వేశాక తీసుకుందాం. పండక్కి నాకు ఒక్క కబురు చాలు: ఒక్కో పెట్టెలో ఎన్ని ఫ్రేముల మీద పిల్ల ఉందో చూసి రాయి.

మీ
పెదనాన్న