పెత్రమాసకు ఆ సీసా తెరవాలనుకుంటే

జగిత్యాల

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు రెండు మూడుసార్లు చూసిన. మీ బాపు చేతిరాతలో వైన్ సీసా వెనక నీ పేరు కనబడంగనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. దుబాయి నుంచి ఆఖరిసారి వచ్చినప్పుడు తెచ్చిండు. నీ పెండ్లికి తెరుద్దామన్నడు. అది కోరుట్ల ఇంట్ల బీరువా మీద నిలబడి, ఇప్పుడు సిరిసిల్లల నీ కిరాయి ఇంటికి చేరింది. పెత్రమాస నాడు ఆయన ఫోటో ముందు తెరిచి తాగొచ్చునా అని అడిగినవు.

తెరువు. కానీ మంచిగ ఉంటదన్న ఆశ ఎక్కువ పెట్టుకోకు.

పాతదైనకొద్దీ వైన్ రుచి పెరుగుతదని నీ దోస్తులు చెప్పింది అన్నిటికీ నిజం కాదు. ఇటలీలో బరోలో అని ఒకటున్నది. దాన్ని అమ్మే ముందే మూడేండ్లకు పైగా నిల్వ పెడతరు. మంచిది దొరికితే ఇరవై ముప్పై ఏండ్లు ఆగుతది. నీ సీసా చీటీ మీద ఉన్నది కియాంతి, 2009. మామూలు కియాంతిని నాలుగైదేండ్లలోపే తాగాలె. నేను దుబాయిల హోటల్ గోదాములో పనిచేసిన కాలంల ఎర్ర వైన్ సీసాలను చీకటి గదిలో, పద్నాలుగు డిగ్రీల చల్లదనంలో పండబెట్టి ఉంచేటోళ్లం. పండబెడితే బిరడా తడిగ ఉంటది. నిలబెడితే ఎండి కుంచించుకుపోతది, గాలి లోపలికి పోతది. మీ బాపు సీసా పదేండ్లకు పైగా నిలబడే ఉన్నది, అదీ స్లాబు కింద, మన దిక్కు 45 డిగ్రీల మే నెలలల్ల. ఫోటోల మెడ కిందికి దిగిన మట్టం, బిరడా పక్కన కారిన మరక చూస్తే నాకు భయమే అయితున్నది.

కల్లు తెలిసినోనివి, నీకు ఇది కొత్త కాదు. పొద్దుగాల దించిన లొట్టిల తియ్యగ ఉన్నది మాపటికి ఘాటెక్కుతది, తెల్లారితే పులిసి సిర్కా వాసనేస్తది. గాలి తగిలితే వైన్ కూడా అదే తొవ్వ పడుతది. కాకపోతే ఏండ్లు పడుతది.

పాణానికి ముప్పేమో అని మీ అమ్మ భయపడుతున్నదన్నవు. పాతబడ్డ వైన్ విషం కాదు. అండ్ల ఉన్న ఆల్కహాలు, పులుపు రోగం తెచ్చే క్రిములను పెరగనియ్యవు. మనుషులను చంపేది కల్తీ. 1986లో ఇటలీలనే వైన్‌ల మిథనాల్ కలిపి అమ్మితే ఇరవై మందికి పైగా చనిపోయిండ్రు. మన దగ్గర కల్లుల ఆల్ప్రాజోలం కలిపేటోళ్ల సంగతి నీకు తెలుసు. మీ బాపు సీసా విమానాశ్రయం దుకాణంల సీలుతోని కొన్నది కాబట్టి ఆ బాధ లేదు. అయినా బీపీకో షుగర్‌కో గోలీలు వేసుకునేటోళ్లకు పోయకు.

ఒకరోజు ముందే కదలకుండ నిలబెట్టు, మడ్డి అడుగుకు దిగుతది. ఆ మడ్డి చెడు కాదు. బిరడా పొడిపొడి అయితది, మెల్లగ తియ్యి. విరిగితే గుడ్డలో వడబొయ్యి. మీ సిరిసిల్ల సాంచెల మీద దిగే పాలిస్టర్ వద్దు, సబ్బు వాసన లేని నూలు గుడ్డ కావాలె. గ్లాసుల ఇంత పోసి తెల్ల కాగితం మీద పట్టి చూడు. అంచు ఇటుక రంగున్నా పర్వాలేదు. మొత్తం చాయ్ డికాక్షన్ లెక్క ఉంటే అది పోయినట్టే. తర్వాత వాసన చూడు. సిర్కా వాసనో, తడి గోనెసంచి వాసనో వస్తే పారబొయ్యి. ఎండిన పండ్లు, తోలు, మట్టి వాసన వస్తే ఒక గుక్క తాగి చూడు, బాగుంటే ఆ పూటనే ముగియ్యాలె. పాతది తెరిచినంక ఆగదు.

ఇవన్నీ పటం ముందు కూసోకముందే, వంటింట్లనే చెయ్యి. చుట్టాల ముందు ముఖం చిట్లించే గతి పట్టొద్దు. పెండ్లి దాకా దాస్తనంటే మాత్రం నేనొప్పుకోను, ఇంకొక ఎండాకాలం అది తట్టుకోదు.

ఎట్లున్నా మొదటి చుక్కలు మీ బాపుకు సాక పొయ్యి. వాసన చూసినంక నాకు ఫోన్ చెయ్యి. పోయిందంటే, నేను వచ్చేటప్పుడు మన గౌడన్న దగ్గర పొద్దుగాల దించిన కల్లు తెస్త. మీ బాపుకు అదే ఎక్కువ ఇష్టం.

నీ పెద్దబాపు