ఆకలి కోసం ఎదురుచూడకు

కాకినాడ

అమ్మడూ,

"ఎంత తిందామన్నా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది పెద్దమ్మా, హాస్టల్లో అందరూ పుల్ల అంటున్నారు" అని నువ్వు పంపిన మెసేజ్ చూశాను. ఇవి ఫోన్లో విని మర్చిపోయే సంగతులు కావు. దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూసుకుంటావని ఉత్తరమే రాస్తున్నాను. ఇన్నేళ్ళు నర్సుగా చేసినదాన్ని. సన్నగా ఉన్న ఆడపిల్లల్ని తల్లులు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకురావడం ఎన్నోసార్లు చూశాను. "ఏం పెట్టినా ఒంటికి పట్టదండీ" అని ఆ తల్లి చెబుతుంటే, పిల్ల ఏదో తప్పు చేసినట్టు తల వంచుకుని కూర్చునేది.

నువ్వు తప్పేమీ చెయ్యలేదు. ముందు ఈ మాట మనసులో పెట్టుకో. 1990లో కెనడాలో బుషార్డ్ అనే శాస్త్రవేత్త 12 జతల కవలలకు మామూలుగా తినేదానికన్నా రోజుకు వెయ్యి కేలరీలు ఎక్కువ పెట్టాడు, 84 రోజులపాటు. అందరూ తిన్న అదనపు తిండి ఒకటే. కానీ ఒకళ్ళు నాలుగు కిలోలు పెరిగితే ఇంకొకళ్ళు పదమూడు కిలోలు పెరిగారు. ఒక జతలోని ఇద్దరు మాత్రం ఇంచుమించు ఒకేలా పెరిగారు. పుట్టుకతో వచ్చే ఒంటి తీరు అంత బలమైనది. ఆ తర్వాత 1999లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లెవిన్ అనే డాక్టరు ఇలాంటి పరీక్షే చేసి ఇంకో సంగతి కనిపెట్టాడు. తిండి పెరిగేసరికి కొందరికి తెలియకుండానే కదలిక పెరుగుతుంది. కాళ్ళు ఊపడం, కూర్చున్నచోట కుదురుగా ఉండలేకపోవడం, అటూ ఇటూ తిరగడం. తిన్న అదనంలో చాలా భాగం అందులోనే ఖర్చయిపోతుంది. చిన్నప్పటినుంచీ నువ్వు చదువుతూ గదంతా తిరిగేదానివి, గుర్తుందా? మీ నాన్నా అంతే.

అలాగని ఇంతేనని ఊరుకోమనడం లేదు. నీ ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. నీది 16.4. పద్దెనిమిదిన్నరకి తగ్గితే బరువు తక్కువని లెక్క. అంటే నువ్వు కనీసం 47న్నర కిలోలకు చేరాలి. రక్తం పట్టాలన్నా, నెలసరి సక్రమంగా రావాలన్నా, ఎముకలు గట్టిగా ఉండాలన్నా, జ్వరం వచ్చినప్పుడు తట్టుకోవాలన్నా ఒంట్లో ఆ కాస్త నిల్వ ఉండి తీరాలి. దానికోసం బరువు పెరుగు. పెళ్ళిచూపులకొచ్చేవాళ్ళ కళ్ళకోసం మాత్రం వద్దు. ఆ తూకానికి అంతుండదు.

ఒకటి సూటిగా అడుగుతాను, దాచకుండా చెప్పు. నువ్వు మొదటినుంచీ ఇంతేనా, లేక ఈ మధ్య తగ్గావా? ఈ రెండూ వేరు వేరు సంగతులు. పుట్టు సన్నదనానికి తిండి సర్దుకుంటే చాలు. ఉన్న బరువు కారణం లేకుండా కరిగిపోతుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం, రాత్రుళ్ళు చెమటలు ఉంటే టీబీ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. బాగా తింటున్నా తగ్గిపోతూ, గుండె దడ, చేతుల వణుకు, ఉక్క ఓర్చుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ చూడాలి. దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగరు. నెలసరి మూడు నెలలు రాకపోయినా ఊరుకోకూడదు. ఇంకొకటి కూడా అడగాలి. నువ్వు రాసిన పరీక్ష పోయినప్పటినుంచీ మనసు బాగోక అన్నం సహించడం లేదా? తింటే లావైపోతానన్న భయం ఏమైనా ఉందా? ఉంటే అదీ వైద్యం చేయాల్సిన బాధే తల్లీ. నాతో చెప్పు, మీ అమ్మకు ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను.

ఇక తిండి. నీకు అందరూ "ఇంకో ముద్ద, ఇంకో ముద్ద" అని చెబుతారు. నేను చెప్పేది వేరు. నీ పొట్టలో చోటు తక్కువ. ఆ చోటును నీళ్ళతో, గాలితో నింపకు. ఎక్కువ తినలేనప్పుడు చిక్కగా తినాలి. గ్రాము నెయ్యిలోనో నూనెలోనో తొమ్మిది కేలరీలుంటే గ్రాము పిండిపదార్థంలో నాలుగే ఉంటాయి. అందుకే అన్నం ఒక్క ముద్ద కూడా పెంచకుండానే బలం పెంచవచ్చు.

కంచంలో వరస చూసుకో. నీలాంటివాళ్ళకు ఎక్కడ దెబ్బ తగులుతుందో నాకు తెలుసు. భోజనానికి ముందు గ్లాసుడు నీళ్ళు, ఆ తర్వాత చారన్నం, ఆపైన పల్చటి మజ్జిగ. కడుపు నిండిపోతుంది, లోపలికి పోయింది మాత్రం నీళ్ళే. అందుకని మొదట పప్పన్నమే తిను. హాస్టల్ పప్పు పల్చగా ఉంటే అడుగునుంచి గరిటెతో తీసుకో, రెండు చెంచాల నెయ్యి వేసుకో. పప్పు బాగోని రోజు నేను పంపే కందిపొడి ఉంది, అదీ నెయ్యితోనే. కూర, గుడ్డు తర్వాత. ఆఖర్న మజ్జిగకు బదులు గడ్డపెరుగు. చారు తాగాలనిపిస్తే అన్నీ అయ్యాక తాగు, పిల్లవి, మరీ మానెయ్యమనను. మంచినీళ్ళు భోజనానికీ భోజనానికీ మధ్య.

టీ సంగతి మరీ ముఖ్యం. కోచింగ్ పిల్లలంతా టీ మీదే బతుకుతారు. టీ ఆకలిని చంపుతుంది, అన్నంతో పాటు తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. ఆడపిల్లలకు అసలే రక్తం తక్కువ. రోజుకు రెండుకు మించొద్దు, భోజనానికి గంట అటూ ఇటూ ఎడం ఉంచు. సాయంత్రం టీకి బదులు వెన్న తీయని పాలు ఒక గ్లాసు తాగు, దాంతో ఖర్జూరాలు నంజుకో.

రోజుకు మూడు వందల నుంచి ఐదు వందల కేలరీలు అదనంగా పడితే చాలు, అంతకన్నా ఆత్రం అక్కర్లేదు. లెక్క చెబుతాను చూడు. గుప్పెడు వేయించిన పల్లీలు, అంటే ఓ 30 గ్రాములు, 170 దాకా వస్తాయి. ఒక అరటిపండు వంద. రెండు చెంచాల నెయ్యి తొంభై. అక్కడికే 360. వీటిలో ఏదీ కడుపు బరువెక్కించేది కాదు, పొయ్యి మీద పెట్టేదీ కాదు. వీటికి తోడు రోజూ ఒక గుడ్డో రెండో తింటే కండకు కావలసిన మాంసకృత్తులూ అందుతాయి. బిస్కెట్లు, చిప్స్, కూల్‌డ్రింకుల్లోనూ కేలరీలుంటాయి కదా అనకు. వాటితో వచ్చే బరువు నాకొద్దు.

ఎందుకొద్దో చెబుతాను. పుణెలో యాజ్ఞిక్ అని ఒక డాక్టరున్నారు, షుగరు వ్యాధి మీద పేరున్న పరిశోధకుడు. ఆయనా, యడ్కిన్ అనే ఇంగ్లండు డాక్టరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ ఇంగ్లండు ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతమైతే మన ఆయన ఒంట్లో 21.2 శాతం. మనవాళ్ళు చూడటానికి సన్నగానే ఉంటారు, కొవ్వు మాత్రం లోపల, పొట్ట చుట్టూ చేరుతుంది. షుగరు మనకు తొందరగా రావడానికి అదీ ఒక కారణం. చేతులు పుల్లల్లా ఉండి పొట్ట ముందుకొచ్చినవాళ్ళను నువ్వూ చూసే ఉంటావు. పెరిగే బరువు కండగా మారాలంటే కండకు పని చెప్పాలి.

నీకు జిమ్ అక్కర్లేదు. వారానికి మూడు రోజులు, అరగంట, హాస్టల్ డాబా మీద. గుంజీలు తియ్యి. గోడకు చేతులానించి దండీలు తియ్యి, అలవాటయ్యాక నేలమీద. ఐదు లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు చేతుల్తో ఎత్తు. సులువైపోయిందనిపించగానే బరువో, సార్లో కొంచెం పెంచు, అలా పెంచకపోతే కండ పెరగదు. సన్నబడతానని భయపడి కదలడం మానేస్తారు కొందరు, అది సరికాదు. ఇలా ఒళ్ళు వంచితే ఆకలి కూడా నిలకడగా వస్తుంది.

ఆకలి వచ్చాక తిందామని మాత్రం కూర్చోకు. నీ ఆకలి నీకు సరిగ్గా కబురు పంపదు, దాన్ని నమ్ముకుంటే మధ్యాహ్నం రెండింటికి మొదటి ముద్ద పెడతావు. గడియారం చూసి తిను. పొద్దున లేచిన గంటలోపు ఏదో ఒకటి, ఆ తర్వాత మూడు గంటలకోసారి కొంచెం కొంచెం. పడుకునే ముందు పాలు. మొదటి రెండు వారాలూ బలవంతంగానే అనిపిస్తుంది, ఉబ్బరంగానూ ఉండొచ్చు. అన్నీ ఒక్క రోజే మొదలుపెట్టకుండా పల్లీలతో మొదలుపెట్టి వారానికొకటి కలుపుకుంటూ పో. రాత్రి రెండింటిదాకా మేలుకుని చదివితే పొద్దున టిఫిను ఎగ్గొడతావు, కాబట్టి నిద్ర వేళ కూడా సర్దుకో.

మందుల షాపుల్లో ఆకలి పుట్టించే మాత్రలు చేతిలో పెడతారు. వాటిలో ఎక్కువగా ఉండేది సైప్రోహెప్టాడిన్, అసలు అది ఎలర్జీ మందు. మత్తుగా ఉంటుంది, పుస్తకం ముందు తూగుతావు, మానాక వచ్చిన బరువు నిలవకపోవచ్చు. పేరూ ఊరూ లేని "లావయ్యే పొడులు" ఇంకా ప్రమాదం. కొన్నింటిలో స్టెరాయిడ్లు కలుపుతారు. ముఖం గుండ్రంగా ఉబ్బితే బాగుపడ్డామనుకుంటారు, లోపల షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. అవి వాడుతున్న పిల్లలెవరైనా నీ గదిలో ఉంటే తమంతట తాము చటుక్కున ఆపొద్దని, డాక్టరుకు చూపించి ఆపమని చెప్పు. ప్రోటీన్ పొడి డబ్బాలకు కూడా డబ్బు తగలెయ్యకు. మీ హైదరాబాదులోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో వాటిని వాడొద్దనే చెప్పింది. ఆ డబ్బుతో నెలంతా గుడ్లూ పల్లీలూ వస్తాయి.

బరువు రోజూ చూసుకోకు. వారానికొకసారి, అదే రోజు, పొద్దున్నే, ఒకే మిషను మీద. నెలకు కిలో, కిలోన్నర పెరిగితే బ్రహ్మాండం. ఏ వారమో ముల్లు కదలకపోతే కంగారుపడకు. మూడు వారాలు వరసగా కదలకపోతే ఇంకో గుప్పెడు పల్లీలో, ఇంకో గ్లాసు పాలో కలుపు.

ఈ శనివారం బస్సు పార్సిల్లో సున్నుండలు, కందిపొడి, నెయ్యి సీసా పంపుతున్నాను. సున్నుండ రోజుకొకటి, పంచిపెట్టేసి ఖాళీ డబ్బా చూపించకు. సోమవారం పొద్దున ఏమీ తినకుండా ల్యాబుకు వెళ్ళి రక్తం ఇయ్యి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు. హిమోగ్లోబిన్ 12కి తగ్గిందేమో ముందు అది చూడు. రక్తం ఇవ్వగానే తినడానికి సంచిలో రెండు అరటిపళ్ళు పెట్టుకుని వెళ్ళు. రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపు, డాక్టరుకు చూపించే ముందు ఒకసారి ఇద్దరం మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ