రంపం మిషను మొరాయిస్తే: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: 2025 అక్టోబరులో మొంథా తుపానుకు పడిపోయిన కొబ్బరి చెట్లు కోయడానికి పెట్రోలు రంపం మిషను కొన్నాం. పని అయ్యాక పాకలో పెట్టేశాం. ఇప్పుడు బయటికి తీస్తే, తాడు లాగి లాగి చెయ్యి పడిపోతోంది గానీ స్టార్ట్ కావడం లేదు. కార్బొరేటరు మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– కొబ్బరి రైతు, అవనిగడ్డ

జవాబు: అప్పుడే వద్దు. ముందు ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు తీసెయ్యండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సముద్రం పక్కనున్న మీ ఊళ్లో తేమకు కొదవ లేదు. నెలల తరబడి కదలకుండా ఉంటే నీరు పట్టిన ఇథనాల్ విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతుంది. ఇంజిన్‌కి పెట్రోలు వెళ్లేది ఆ అడుగు నుంచే. పైగా పాత పెట్రోలు ఆరి, కార్బొరేటరు సన్నదారుల్లో జిగురు కడుతుంది. తీసిన పెట్రోలు కాలవలో పొయ్యకండి, మూత ఉన్న డబ్బాలోకి వంచండి.

కొత్త పెట్రోలు, టూటీ ఆయిల్ కలిపి పోశాక మిషను నేల మీద పెట్టి, చెయిన్ బ్రేక్ వేసి, వెనక పిడిని కాలితో తొక్కిపట్టి తాడు లాగండి. చోక్ పూర్తిగా వేసి లాగుతుంటే ఒకచోట ఇంజిన్ ‘టప్’మని ఆగిపోతుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ చప్పుడు వినపడగానే చోక్ సగానికి తగ్గించి లాగాలి. వినిపించుకోకుండా పూర్తి చోక్ మీదే లాగుతూ పోతే సిలిండర్ నిండా పెట్రోలు చేరి ప్లగ్ తడిసిపోతుంది. ఇక ఎంత లాగినా అంటుకోదు.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే ప్లగ్ విప్పి చూడండి. సంగతంతా అదే చెబుతుంది. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. ప్లగ్ తుడిచి ఆరబెట్టండి, చోక్ తీసేసి నాలుగైదు సార్లు తాడు లాగి లోపలి పెట్రోలు బయటికి పోనివ్వండి. ప్లగ్ రంధ్రం మీద గుడ్డ కప్పండి, వైరు ఆ రంధ్రానికి దూరంగా ఉండాలి, దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. అన్నిసార్లు లాగినా ప్లగ్ పొడిగానే ఉంటే పెట్రోలు పైకి రావడం లేదు. ట్యాంకులో గొట్టం చివర వేలాడే ఫిల్టరు మూసుకుపోయిందా, గొట్టం పగిలిందా చూడండి. ట్యాంకుకు గాలి లోపలికి వెళ్లే సన్న దారి ఉంటుంది. అది మూసుకున్నా పెట్రోలు రాదు. మూత కాస్త వదులు చేసి లాగితే స్టార్ట్ అయిందంటే లోపం అక్కడే. మూత వదులుగా ఉంచి మాత్రం కోతకు దిగొద్దు.

ప్లగ్ కొనల మధ్య సందు చాలా మిషన్లకు 0.5 మిల్లీమీటర్లు. అనుమానముంటే కొత్త ప్లగ్ వేసి చూడండి, ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. ఇవన్నీ సరిగా ఉండి కూడా మొరాయిస్తే అప్పుడు కార్బొరేటరు విప్పించండి. అప్పుడైనా లోపలి పలచటి రబ్బరు పొర గట్టిపడి ఉంటే ఆ కిట్ ఒక్కటే మారిస్తే సరిపోవచ్చు.

ప్రశ్న: స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతుంది. మెకానిక్ స్క్రూ తిప్పి స్లో పెంచాడు. ఇప్పుడు ఆగడం లేదు గానీ, వదిలేసినా గొలుసు తిరుగుతూనే ఉంది.
– మామిడి తోట కౌలుదారు, నూజివీడు

జవాబు: గొలుసు అలా తిరుగుతున్నంతసేపు మిషను వాడొద్దు. పని కన్నా మీ కాళ్లు ముఖ్యం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు గొలుసు కదలకుండా నిలబడాలి, ఇందులో మినహాయింపు లేదు.

ఎయిర్ ఫిల్టరు కడిగి ఆరబెట్టి బిగించండి. రంపపు పొట్టు పట్టిన ఫిల్టరుతో ఏ స్క్రూ తిప్పినా ఆ లెక్క తప్పుతుంది. ఇంజిన్ కొద్దిసేపు నడిచి వేడెక్కాక, ఎల్.ఎ. లేదా టి అని గుర్తు ఉన్న స్క్రూను గొలుసు ఆగేదాకా వెనక్కి తిప్పండి. అప్పుడు ఇంజిన్ ఆగిపోతే ఎల్ స్క్రూ చూడాలి. స్లోలో పెట్రోలు పాళ్లు దాని చేతిలోనే ఉంటాయి. యాక్సిలరేటర్ నొక్కగానే తడబడుతుంటే పెట్రోలు తక్కువైనట్టు, ఎల్ స్క్రూను కొద్దిగా ఎడమకు తిప్పి చూడండి. హెచ్ స్క్రూ జోలికి మాత్రం పోవద్దు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే. అక్కడ పెట్రోలు తగ్గిస్తే ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది.

స్లో ఎంత తగ్గించినా గొలుసు తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు తెగిందో సాగిందో చూడాలి. స్పీడు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే, మిషను పక్కకు వంచినప్పుడు మారుతుంటే, ఎక్కడో గాలి పీలుస్తోంది. కార్బొరేటరు వెనక రబ్బరు బూటు గానీ, క్రాంక్ సీలు గానీ దెబ్బతిని ఉంటుంది. అది ఇంట్లో తేలే పని కాదు. ఆటోనగర్‌లో టూ స్ట్రోక్ పని తెలిసినవారికి ఇవ్వండి. ‘స్లో పెంచండి’ అనకుండా ఈ లక్షణం చెప్పండి.

ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది. అరగంట సుబాబుల్ కోసి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. గంట ఆగితే అవుతుంది.
– కలప కోత కూలీ, నందిగామ

జవాబు: మొరాయించిన ఆ నిమిషంలోనే నిప్పురవ్వ పరీక్షించండి. ప్లగ్ విప్పి వైరు తగిలించి, సిలిండర్ రంధ్రానికి దూరంగా ఇంజిన్ ఇనుముకు ఆనించి తాడు లాగాలి. వేడిమీద రవ్వ రాక, చల్లారాక వస్తే కాయిల్ పోతోందని అర్థం. రవ్వ బాగా ఉంటే ఎండకు పెట్రోలు ఆవిరై ఉంటుంది. నీడలో పెట్టండి. వేడి ఇంజిన్‌కి చోక్ వెయ్యకండి.

ప్రశ్న: ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజిన్‌కి మంచిదే కదా?
– ఉయ్యూరు పాఠకుడు

జవాబు: కాదు. మీ మిషను పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. అంతకు మించితే ప్లగ్ మసిబారుతుంది, సైలెన్సరు జల్లెడ కార్బన్‌తో మూసుకుపోయి ఇంజిన్ వేగం అందుకోదు. తగ్గితే ఇంజిన్ పట్టేస్తుంది. కొలత సీసాతోనే పొయ్యండి.

మిషను పక్కన పెట్టేవారందరికీ ఒక మాట. పని అయిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మొంథా 2025 అక్టోబరులో వచ్చింది. రోడ్డుకు అడ్డంగా చెట్టు పడ్డాక మిషను బాగుచేసుకునే తీరిక ఉండదు. సెప్టెంబరులోనే ఒకసారి స్టార్ట్ చేసి చూసుకోండి.