దరఖాస్తులో ఇంటిపేరు

లేఖారచన అనగానే మనకు సెలవు చీటీయే గుర్తొస్తుంది. ఈసారి మనలో కొందరి ఇళ్లకు నిజంగా పనికొచ్చే ఉత్తరం ఒకటి రాద్దాం.

మూడు బదిలీల కిందట ఆంధ్రలో పనిచేస్తున్నప్పుడు, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె "మేడమ్, లెక్కల ట్యూషన్ మానేశాను" అంది. వాళ్ల నాన్నగారు హవల్దారుగా రిటైరై ఏటీఎం దగ్గర కాపలా ఉండేవారు. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే విద్యా సాయానికి పెట్టిన దరఖాస్తు వెనక్కి వచ్చిందట. డిశ్చార్జి బుక్కులో అమ్మాయి పేరు 'లక్ష్మి'. మార్కుల పత్రంలో ముందు ఇంటిపేరు, తర్వాత 'వెంకటలక్ష్మి'. కాగితాల లెక్కన ఇద్దరు వేర్వేరు పిల్లలు!

హవల్దారు, దానికి సమానమైన హోదా వరకు చేసిన మాజీ సైనికుల పిల్లల్లో ఇద్దరికి, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఈ సాయం అందుతుంది. అప్పట్లో ఒక్కొక్కరికి నెలకు రూ.1000. 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు రూ.2000 చేశారు. డిసెంబరు 7న మనం చొక్కాకు పెట్టుకునే చిన్న జెండా ఉంది చూశారూ, ఆ పతాక దినోత్సవ నిధి డబ్బే ఇది. ఆ ఇంట్లో అది లెక్కల మాస్టారి ఫీజు.

కింది తరగతి పాసైన మార్కుల పత్రం, డిశ్చార్జి బుక్కు, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పెట్టి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాటిని సరిచూసి పైకి పంపుతుంది. ఇదంతా సులువే. చిక్కల్లా పేరుతోనే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఒక్కోచోట పొడి అక్షరంగా మిగులుతుంది, ఒక్కోచోట అసలే ఉండదు. ఇంగ్లీషులో లక్ష్మి చివర ఒక గుమస్తా 'ఐ' రాస్తే ఇంకొకరు 'వై' రాస్తారు. సైన్యం రికార్డులో దాన్ని దిద్దాలంటే పార్ట్ టూ ఆర్డరు వెలువడాలి. అది నాన్నగారి రెజిమెంటు రికార్డు ఆఫీసు పని: మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకు బెంగళూరు.

ఆ రోజు క్లాసులో ఆ అమ్మాయి రాసి, నాన్నగారి చేత సంతకం పెట్టించిన ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంది:

"జిల్లా సైనిక సంక్షేమ అధికారి గారికి,
అయ్యా,
నా సర్వీసు నంబరు, హోదా, రెజిమెంటు, రిటైరైన తేదీ పైన రాశాను. డిశ్చార్జి బుక్కులో నా కుమార్తె పేరు 'లక్ష్మి' అని ఉంది. జనన ధ్రువపత్రంలో, బడి రికార్డులో ఇంటిపేరుతో 'వెంకటలక్ష్మి' అని ఉంది. ఇద్దరూ ఒకరే. పేరు సవరణకు నా దరఖాస్తును రికార్డు ఆఫీసుకు పంపగలరని కోరుతున్నాను. జనన ధ్రువపత్రం, నోటరీ అఫిడవిట్ జతచేశాను."

మొదటి ప్రతిలో 'తమ దివ్య సముఖమునకు' అని మొదలుపెట్టి, పేదరికం గురించి అర పేజీ రాసింది. రెండూ కొట్టేయించాను. సర్వీసు నంబరు మాత్రం మరిచిపోయింది!

ఆర్డరు వచ్చేలోపే నాకు బదిలీ అయింది. పదో తరగతి ప్రీబోర్డుకు ముందు, మళ్లీ ట్యూషన్‌కు వెళ్తున్నానని ఫోన్ చేసింది.

అభ్యాసం: మీ పేరున్న కాగితాలన్నీ అమ్మనో నాన్ననో అడిగి తీయించండి. పేరు ఎన్ని రకాలుగా ఉందో, అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులో రాసుకుని సోమవారం తీసుకురండి.